గోల్డ్‌స్మిత్స్ హాల్: విందుశాల, పరీక్ష గది ఒకే కప్పు కింద

లండన్‌లో సెయింట్ పాల్స్ కెథెడ్రల్ దాటి ఈశాన్యం వైపు కాస్త నడిస్తే ఫోస్టర్ లేన్ అనే ఇరుకు సందు వస్తుంది. అక్కడ నాలుగు వీధుల మధ్య స్థలమంతా ఆక్రమించిన రాతి కట్టడమే గోల్డ్‌స్మిత్స్ హాల్, అంటే లండన్ స్వర్ణకారుల సంఘం భవనం. ముఖద్వారం వైపు ఆరు భారీ కొరింథియన్ స్తంభాలు ఉన్నాయి. కాస్త వెనక్కి జరిగి భవనాన్ని మొత్తంగా చూద్దామంటే ఆ సందులో చోటే ఉండదు. లోపల పాలరాతి మెట్లు, బంగారు పూత పూసిన పైకప్పులు, కొవ్వొత్తుల షాండ్లియర్లు, వందల మంది కూర్చుని భోంచేసే విందుశాల ఉన్నాయి. ఇదే భవనంలో ఉంగరాలు, గొలుసులు, వెండి పాత్రలు పరీక్షించి ముద్ర వేసే కార్యాలయమూ నడుస్తోంది.

లండన్ సిటీలో వృత్తి సంఘాల హాళ్లు దాదాపు నలభై ఉన్నాయి. వాటిలో చాలా సంఘాలకు తమ పేరులోని వృత్తితో రోజువారీ సంబంధం తెగిపోయి శతాబ్దాలు గడిచాయి. బాణాలు చేసేవాళ్ల సంఘం ఇప్పటికీ ఉంది కానీ బాణాల వ్యాపారం లేదు. పట్టు, జరీ బట్టల వర్తకులుగా మొదలైన మెర్సర్ల సంఘం వరుసలో అన్నిటికన్నా ముందుంటుంది. దాన్ని నిలబెట్టింది మాత్రం బట్టల వ్యాపారం కాదు, లండన్ భూములూ వాటి అద్దెలూ. స్వర్ణకారుల సంఘానికీ ఆస్తులకు లోటు లేదు. అయినా ఈ హాలు చరిత్రను ఆస్తి లెక్కలతోనో విందుల వైభవంతోనో చదివితే అసలు విషయం జారిపోతుంది. ఈ హాలును ఇన్నేళ్లు నిలబెట్టింది పరీక్ష. వేడుకలు ఆ పరీక్షకు ఊరి ముందు గౌరవం తెచ్చిపెట్టాయి.

సంఘం ఊసు రాతపూర్వకంగా 1180 నాటికే కనిపిస్తుంది, అదీ ఒక జరిమానా లెక్కలో. రాజు అనుమతి లేకుండా సంఘం పెట్టుకున్నందుకు రెండో హెన్రీ కాలంలో స్వర్ణకారులకు జరిమానా పడింది. అప్పటి వృత్తి సంఘాలు పెద్దమనుషుల సభల్లాంటివి కావు. 1260ల చివర్లో స్వర్ణకారులకూ దర్జీలకూ మధ్య లండన్ వీధుల్లో ఆయుధాలతో పెద్ద కొట్లాటే జరిగింది. మనుషులు చనిపోయారు, తర్వాత కొందరిని ఉరి తీశారు. అలాంటి గుంపుకు 1300లో మొదటి ఎడ్వర్డ్ చట్టం ఒక బాధ్యత అప్పగించింది. వెండి వస్తువు నాణెం వెండి కన్నా తక్కువ వన్నె ఉండకూడదు, అంటే వెయ్యికి 925 పాళ్లు అసలు వెండి ఉండాలి. వృత్తి పెద్దలు దుకాణం దుకాణానికీ తిరిగి పరీక్షించాలి, నెగ్గిన వస్తువు మీద చిరుతపులి తల ముద్ర వేయాలి. 1327లో మూడో ఎడ్వర్డ్ సంఘానికి అధికారిక పత్రం ఇచ్చాడు. 1339లో సంఘం సభ్యులు ఇప్పుడు హాలున్న చోటే ఒక ఇల్లు కొన్నారు. అప్పటి నుంచి ఆ స్థలం వాళ్ల చేతుల్లోనే ఉంది. ఒకే చోట ఇంత కాలంగా ఉంటున్న సంఘం లండన్‌లో మరొకటి లేదు.

ఇల్లు ఎందుకు కావలసి వచ్చిందంటే, సొంత చోటు లేని సంఘం చర్చిల్లోనో సత్రాల్లోనో కలుసుకోవాలి. పత్రాలు, తూకపు రాళ్లు, డబ్బు పెట్టె ఎవరో ఒకరి ఇంట్లో ఉండాలి. తగవు తీర్చాలన్నా, కుర్రాణ్ణి పనిలో చేర్చుకోవాలన్నా, తప్పు చేసినవాణ్ణి నిలదీయాలన్నా నలుగురికీ తెలిసిన గడప ఒకటి కావాలి. స్వర్ణకారుల దుకాణాలు ఎక్కువగా ఉన్న చీప్‌సైడ్ వీధి అక్కడికి కూతవేటు దూరం. పైగా వీళ్ల సరుకు అలాంటిది. రొట్టె బాగోలేకపోతే తిన్నవాడికి ఆ పూటే తెలుస్తుంది. వెండి గిన్నెలో రాగి పాలు ఎక్కువైతే కొన్నవాడి మనవడికి కూడా తెలియకపోవచ్చు. కంటికి కనిపించని మోసానికి వీలున్న వృత్తిలో కొనేవాడి నమ్మకమే పెట్టుబడి. ఒకడు చెడగొడితే అందరి పేరూ పోతుంది.

ఏటా మే 19న సెయింట్ డన్‌స్టన్ పండుగ. పదో శతాబ్దపు కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయిన డన్‌స్టన్ స్వయంగా లోహపు పని తెలిసినవాడని నమ్మకం, అందుకే స్వర్ణకారులకు ఆయనే కులదైవం లాంటివాడు. కొత్త వార్డెన్లను, అంటే సంఘం పెద్దలను ఎన్నుకోవడం, ప్రార్థన, విందు అన్నీ ఆ పండుగ చుట్టూనే అల్లుకున్నాయి. హాల్లో ఆయన కథను నేసిన తెరలు, బంగారు పూత పూసిన వెండి విగ్రహం ఉండేవి. సాధువుల విగ్రహాలను తప్పుపట్టిన మతసంస్కరణ ఊపులో 1547లో ఆ విగ్రహాన్ని విరగ్గొట్టి ఇతర వస్తువులకు వాడుకున్నారు. సంఘం తన దైవాన్ని తానే కరిగించుకున్న సందర్భమది. అయినా హాలు పని ఆగలేదు, ఎందుకంటే అప్పటికే అది దేవుడి పేరు మీద కన్నా పరీక్ష మీద ఎక్కువ ఆధారపడి నడుస్తోంది.

ఆ మార్పు వచ్చింది 1478లో. అంతకుముందు వార్డెన్లే దుకాణాల చుట్టూ తిరిగేవారు. 1363 నుంచి ప్రతి పనివాడికీ సొంత గుర్తు కూడా ఉండాలన్న నియమం వచ్చినా, పరీక్ష ఎక్కడికక్కడ జరిగేది. లండన్ ఏమీ చిన్నది కాదు, తిరిగే వార్డెన్లూ వ్యాపారస్తులే. మొహమాటాలు, నిర్లక్ష్యం, చూసీచూడనట్టు వదిలేయడం ఉండే ఉంటాయని ఊహించడం కష్టం కాదు. అప్పటి కొత్త చట్టం ఒక గట్టి మెలిక పెట్టింది. ముద్ర వేసే ఉద్యోగి తప్పు చేస్తే దానికి సంఘం మొత్తం జవాబుదారీ. దెబ్బకు సంఘం జీతమిచ్చి ఒక పరీక్షకుణ్ణి హాల్లోనే కూర్చోబెట్టింది. ఇకమీదట వస్తువులే హాలుకు రావాలి. హాల్లో పడే ముద్ర కాబట్టి అది హాల్‌మార్క్ అయింది.

అదే సమయంలో ఇంకో చిన్న గుర్తు మొదలైంది, ఏటా మారే ఒక అక్షరం. ఇరవై అక్షరాల వరుస ఒకటి అయిపోగానే, లిపి మార్చి మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు పాత వెండి సేకరించేవాళ్లు ఆ అక్షరం చూసి వస్తువు వయసు చెబుతారు. కానీ దాన్ని పెట్టింది కొనేవాళ్లకు వయసు చెప్పడానికి కాదు. పదేళ్ల తర్వాత ఒక గిన్నె నాసిరకమని తేలితే, ఆ ఏడు పరీక్ష గదిలో ఉన్నదెవరో పట్టుకోవడానికి. అక్షరం మారేది కొత్త వార్డెన్లు పదవిలోకి వచ్చే డన్‌స్టన్ పండుగ వేళకే. అంటే అప్పట్లో విందు క్యాలెండరూ తనిఖీ క్యాలెండరూ ఒకటే. ఈ హాలు చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా తెలివైన ఏర్పాటుగా తోచేది ఇదే. పదవి ఇచ్చే వేడుకే, ఆ పదవిలో ఉన్నవాడు వేసే ప్రతి ముద్ర మీదా అతని ఏడాదిని చెరిగిపోకుండా రాసిపెట్టేది.

పరీక్ష చేసే పద్ధతి మన కంసాలులకు కొత్తేమీ కాదు. పైపైన చూడాలంటే గీటురాయి మీద గీసి, తెలిసిన వన్నె గీతతో పోల్చి చూస్తారు. గట్టిగా తేల్చాలంటే పుటం పెట్టాల్సిందే. వెండి వస్తువు నుంచి చిన్న తునక గీసి తీస్తారు. దాన్ని జాగ్రత్తగా తూచి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పెట్టి కొలిమిలో కాలుస్తారు. సీసం, దాంతోపాటు రాగిలాంటి నాసి లోహాలు మూసలోకి ఇంకిపోతాయి, చివరకు ఒక వెండి పూస మిగులుతుంది. దాన్ని మళ్లీ తూస్తారు. మొదటి తూకంలో తగ్గినంతా కల్తీ కిందే లెక్క. బంగారమైతే ముందు దానికి వెండి కలిపి పుటం పెట్టి, తర్వాత నైట్రిక్ ఆమ్లంలో వెండిని కరిగించేస్తారు. ప్రమాణానికి తగ్గిన వస్తువును యజమానికి బాగుచేసుకోమని ఇవ్వడం కాదు, విరగ్గొట్టేవారు. వారాల పని ఒక్క దెబ్బకు తుక్కు కింద మారేది. ఇప్పుడు వస్తువును గీయకుండానే ఎక్స్‌రే యంత్రంతో చాలా భాగం పని అయిపోతోంది, ముద్ర లేజర్‌తోనూ వేస్తున్నారు. కానీ పుటం పద్ధతి ఇప్పటికీ మూలనపడలేదు.

ఇక్కడ సహజంగా ఒక అనుమానం రావాలి. అమ్మేవాళ్ల సంఘమే తమ సరుకును తాము పరీక్షించుకుంటే ఆ పరీక్షకు విలువేమిటి? దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు కాదా? చరిత్రలో ఈ అనుమానం నిజమైన సందర్భాలూ ఉన్నాయి. 18వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్ పారిశ్రామికవేత్త మాథ్యూ బౌల్టన్ తమ ఊళ్లోనే పరీక్షా కార్యాలయం కావాలని పట్టుబట్టినప్పుడు లండన్ స్వర్ణకారులు గట్టిగా అడ్డుపడ్డారు. 1773లో పార్లమెంటు కమిటీ అప్పటికే ఉన్న కార్యాలయాల పనితీరును విచారిస్తే, ముద్ర పడిన వస్తువుల్లోనే ప్రమాణం తగ్గినవి ఉన్నాయని బయటపడింది. లండన్‌కు అది చెంపపెట్టు. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ రెండింటికీ అదే ఏడాది సొంత కార్యాలయాలు వచ్చాయి. సంఘం గుత్తాధిపత్యం తగ్గడం పరీక్షకు మేలే చేసిందని నా అభిప్రాయం. పోటీ, పార్లమెంటు నిఘా లేకుండా ఏ సంఘమూ తనను తాను శాశ్వతంగా కాపు కాసుకోలేదు. అయితే ఆ విచారణతో లండన్ కార్యాలయం మూతపడలేదు. ఇప్పటికీ బ్రిటన్‌లో ఉన్న నాలుగు పరీక్షా కార్యాలయాల్లో అదొకటి. మిగతావి బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరో.

భవనం సంగతికొస్తే, ఇప్పుడున్నది అదే స్థలంలో మూడోది. మధ్యయుగపు ఇల్లు పాతబడ్డాక 1630లలో నికొలస్ స్టోన్ అనే శిల్పి, వాస్తుశిల్పి చేత రెండోది కట్టించారు. కొత్త హాలు తడి ఆరకముందే రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం వచ్చింది. రాజు పక్షాన నిలిచి ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లు పార్లమెంటుకు జరిమానా కట్టి వాటిని విడిపించుకునే కమిటీ ఈ హాల్లోనే కూర్చుంది. రాజు ఇచ్చిన పత్రంతో పుట్టిన సంఘం గదుల్లోనే రాజభక్తుల ఆస్తులకు వెల కట్టారన్నమాట. గట్టి గోడలు, భద్రమైన పెట్టెలు, లెక్క తెలిసిన మనుషులు ఉన్న చోటు కాబట్టే ఎంచుకున్నారనుకోవచ్చు. 1666 మహా అగ్నిప్రమాదంలో లండన్‌లోని 44 సంఘాల హాళ్లు పోయాయి. గోల్డ్‌స్మిత్స్ హాలు కూడా తీవ్రంగా దెబ్బతింది, కానీ గోడలు నిలిచాయి. మూడేళ్లలో బాగుచేసుకున్నారు. ఇలాంటి కష్టం వచ్చిన ప్రతిసారీ సంఘాలు చేసిన పని ఒకటే, తమ వెండి పాత్రలు అమ్మడమో కరిగించడమో. స్వర్ణకారులకైతే వేడుకల్లో బల్ల మీద పేర్చిన పాత్రలే ఆపద్ధనం. మన ఇళ్లల్లో పెళ్లి నగలు కుదువ పెట్టి గండం గట్టెక్కినట్టే. అందుకే అంత పాత సంఘం దగ్గర కూడా పదహారో శతాబ్దపు ట్యూడర్ రాజుల కాలం నాటి సొంత పాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. వాటిలో పేరున్నది 1554 నాటి బోస్ కప్. మొదటి ఎలిజబెత్ పట్టాభిషేక విందులో దాంతోనే తాగిందని సంఘంలో చెప్పుకుంటారు.

రెండో హాలును 1820ల చివర్లో కూల్చేశారు. పునాదులు తవ్వుతుంటే రోమన్ కాలపు రాతి బలిపీఠం ఒకటి బయటపడింది, దాని మీద వేట దేవత డయానా బొమ్మ ఉంది. వాస్తుశిల్పి ఫిలిప్ హార్డ్‌విక్ రూపొందించిన మూడో హాలు 1835 జులై 15న పెద్ద విందుతో తెరుచుకుంది. ఆ రాత్రి అతిథుల్లో వాటర్లూ విజేత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, కొన్ని నెలల ముందే ప్రధాని పదవి నుంచి దిగిన రాబర్ట్ పీల్ ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం వచ్చి, ఇంగ్లండ్ పట్టణాల్లో వృత్తి సంఘాలకున్న వ్యాపార గుత్తాధిపత్యాన్ని తీసేసింది. లండన్‌ను ఆ చట్టం వదిలేసింది గానీ, గాలి ఎటు వీస్తోందో అందరికీ అర్థమైంది. సంఘాల అధికారం సన్నగిల్లుతున్న రోజుల్లోనే వాటి భవనాలు ఎందుకు అంత భారీగా లేచాయన్నది ఆలోచించదగ్గ విషయం. అధికారం చేతిలో ఉన్నవాడికి దాన్ని చాటుకోవాల్సిన పని తక్కువ. చేజారుతున్నప్పుడే రాయి, పాలరాయి, బంగారు పూత అవసరమవుతాయి. శామ్యూల్ నిక్సన్ చెక్కిన నాలుగు ఋతువుల శిల్పాలు, తర్వాత 1871లో మెట్ల దారికి పొదిగిన రంగురంగుల పాలరాయి, అన్నీ చూసినప్పుడు ఈ మాట కొంతవరకు గోల్డ్‌స్మిత్స్‌కూ వర్తిస్తుందనిపిస్తుంది.

జనానికి కూడా అలాగే అనిపించింది. పేదరికం నిండిన లండన్‌లో ఈ సంఘాలు ఏటా వేల పౌండ్లు విందులకు తగలేస్తున్నాయన్న విమర్శ 1870లకల్లా ముదిరింది. 1880లో ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసి సంఘాల ఆస్తులు, ఖర్చుల కూపీ లాగింది. కమిషన్ గట్టి సిఫార్సులే చేసినా అవి చట్టం కాలేదు. కానీ ఆ విమర్శల ఒత్తిడి పనిచేసింది. సాంకేతిక విద్య కోసం పలు సంఘాలు, లండన్ కార్పొరేషన్ కలిసి 1878లోనే సిటీ అండ్ గిల్డ్స్ సంస్థను పెట్టాయి. స్వర్ణకారుల సంఘం 1891లో న్యూక్రాస్‌లో ఒక సాంకేతిక విద్యాలయం తెరిచి, 1904లో దాన్ని లండన్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. ఇప్పటి గోల్డ్‌స్మిత్స్ కళాశాల అదే.

వేడుకా పరీక్షా విడదీయలేనంతగా కలిసిపోయిన సందర్భం ఏటా ఒకటి వస్తుంది. దాని పేరు ట్రయల్ ఆఫ్ ద పిక్స్. రాజు టంకశాలలో కొట్టిన నాణేలు సరైన తూకం, సరైన వన్నె ఉన్నాయా అని బయటివాళ్లు తేల్చే విచారణ అది. 1282 నుంచి దాని ఆనవాళ్లు ఉన్నాయి. మొదట్లో వెస్ట్‌మినిస్టర్‌లో జరిగేది, 1871 నుంచి గోల్డ్‌స్మిత్స్ హాల్లో జరుగుతోంది. పిక్స్ అంటే ఏడాది పొడవునా పక్కన తీసిపెట్టిన నమూనా నాణేల పెట్టె.

ఆ రోజు విందుశాలలో బల్లలు వేస్తారు. కింగ్స్ రిమెంబ్రన్సర్ అనే సీనియర్ న్యాయాధికారి విగ్గు మీద మూడు కొనల టోపీ పెట్టుకుని వచ్చి, స్వర్ణకారుల నుంచి ఎంపిక చేసిన జ్యూరీ చేత ప్రమాణం చేయిస్తారు. జ్యూరీ సభ్యుల ముందు ఒక రాగి గిన్నె, ఒక చెక్క గిన్నె ఉంటాయి. టంకశాల నుంచి వచ్చిన నాణేల పొట్లాలు ఒక్కొక్కటే విప్పి లెక్కపెడతారు. ప్రతి పొట్లం నుంచి ఒక నాణేన్ని తమ ఇష్టప్రకారం తీసి పరీక్షకు రాగి గిన్నెలో వేస్తారు, మిగతావి చెక్క గిన్నెలోకి పోతాయి. కాసేపు ఆ హాలంతా గిన్నెల్లో పడే నాణేల చప్పుడే. తర్వాత కొన్ని వారాలపాటు పరీక్షా కార్యాలయం వాటిని తూచి, కాల్చి, కరిగించి లెక్క తేలుస్తుంది. వేసవి మొదట్లో తీర్పు చదివినప్పుడు ఆర్థికమంత్రి గానీ మంత్రి తరఫు ప్రతినిధి గానీ హాజరవుతారు, ఎందుకంటే పదవిరీత్యా టంకశాల అధిపతి ఆర్థికమంత్రే.

ఇది ఉత్తుత్తి తంతు కాదనడానికి న్యూటన్ ఉదంతం చాలు. గురుత్వాకర్షణ న్యూటనే టంకశాల అధిపతిగా ఉన్న రోజుల్లో, 1710 విచారణలో జ్యూరీ ఆయన బంగారు నాణేలు ప్రమాణానికి కాస్త తక్కువగా ఉన్నాయని తేల్చింది. న్యూటన్ ఊరుకోలేదు. తప్పు నాణేల్లో లేదు, పోల్చడానికి వాడిన 1707 నాటి ప్రామాణిక బంగారు పలకే ఉండాల్సిన దానికన్నా మేలిమిగా ఉందని వాదించాడు. ఆయన మాటే నిజమైంది, పాత పలకను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. దేశంలోకెల్లా పేరున్న శాస్త్రవేత్త అయినా స్వర్ణకారుల జ్యూరీ ముందు లెక్క చెప్పుకోవాల్సి వచ్చింది. జ్యూరీ వాడిన కొలబద్దకూ పరీక్ష తప్పలేదు. ఇప్పటి నాణేల్లో చలామణిలో ఉన్నవి ఎక్కువగా నాసి లోహాలే, వాటిలో మోసం చేసినా ఎవరికీ పెద్దగా లాభం లేదు. అయినా తంతు మానలేదు. డబ్బు తయారుచేసే ప్రభుత్వం, డబ్బు వాడే జనం తరఫున కూర్చున్న పనివాళ్ల ముందు ఏటా చేతులు కట్టుకుని నిలబడటంలో ఒక విలువ ఉంది. అది విందుశాలలో, అందరూ చూస్తుండగా జరగడమే సబబు.

1941లో జర్మన్ బాంబు ఒకటి హాలు నైరుతి మూలను పడగొట్టింది. ఆ దాడుల కాలంలో లండన్ సంఘాల హాళ్లు చాలావరకు నేలమట్టమయ్యాయి లేదా దెబ్బతిన్నాయి. గోల్డ్‌స్మిత్స్‌లో కూలిన మూలను యుద్ధం తర్వాత పాత రూపంలోనే కట్టారు. నేటికీ కొత్తగా పనిలో చేరే కుర్రకారు గురువుతో కలిసి ఈ హాలుకే వచ్చి ఒప్పందపు పత్రం మీద సంతకం చేస్తారు. శిక్షణ కోసం 2012లో క్లర్కెన్‌వెల్‌లో వేరే కేంద్రం తెరిచారు. విందుశాలను వివాహాలకూ కంపెనీల సభలకూ అద్దెకిస్తారు.

తెలుగు ఊళ్లల్లో నగల షాపు బోర్డు మీద హాల్‌మార్క్ అన్న మాట లేకపోతే ఇప్పుడు కొనేవాళ్లు లోపలికి అడుగుపెట్టడానికే ఆలోచిస్తారు. భారతదేశంలో బంగారానికి హాల్‌మార్క్‌ను భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, 2000లో మొదలుపెట్టింది. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు, మొదటి దశలో 256 జిల్లాలు. మన దగ్గర దీని వెనక స్వర్ణకారుల సంఘం లేదు. పరీక్షించేవి బీఐఎస్ గుర్తింపు పొందిన కేంద్రాలు, అడిగేది చట్టం. అమ్మేవాళ్లే పరీక్షించుకునే చిక్కు ఇక్కడ కొంత తగ్గింది, కానీ ముద్ర ఎవరి బాధ్యత అన్న పాత ప్రశ్న అలాగే ఉంది. 1478లో దానికి జవాబుగా ఒక అక్షరం పుట్టింది. ఇక్కడ 2023 ఏప్రిల్ 1 నుంచి, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ నంబరు లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. నగ లోపలి వైపు ఉండే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అమ్మిన వ్యాపారి నమోదు, పరీక్షించిన కేంద్రం, వన్నె కనిపిస్తాయి. భూతద్దం పెట్టి అది ఉందో లేదో చూసుకుని, యాప్‌లో సరిపోల్చుకున్నాకే బిల్లు కట్టాలి.